చిక్కుడు పందిరి మీద నీలి తీగ

విత్తి 31 రోజులు

డ్యూటీ బుక్కులో ఇవాళ రాసింది ఇదీ: ఏడో నంబరు బాయి, నాలుగో గ్యాలరీ. పంటలు 24. ఫొటోలు 96. తేడా ఏమీ లేదు. సంతకం, స్వరూప.

ఆ 'తేడా ఏమీ లేదు' అన్నది అబద్ధం. పదకొండేళ్ళ డ్యూటీలో మొదటిది. మనసు ఊరుకోక ఈ రెండో పుస్తకం తెరిచాను. దీన్ని ఎవరికీ చూపించను.

జరిగింది చిన్నదే. చిక్కుడు పందిరి వెనక, మూడో దీపం కింద, గోడ పగులులోంచి నీరు ఊరే చోట ఒక తీగ మొలిచింది. జానెడు ఉంటుందేమో. దానికి ఒక పువ్వు. నీలం. నేల కింది ఈ పాత బొగ్గు బాయిలో నీలం రంగు నాకు తెలిసి రెండే చోట్ల ఉంది, నీళ్ళ డ్రమ్ముల మీదా మేస్త్రి ఓదెలన్న చొక్కా మీదా. రెండూ ఎప్పుడో వెలిసిపోయాయి. ఇది అలాంటి నీలం కాదు. లోపల సన్నటి తెల్ల గీతలు, మధ్యలో పసుపు చుక్క. దీపం వేశాక విచ్చుకుంటున్నట్టుంది, నేను చూస్తుండగానే ఒక అంచు తెరుచుకుంది.

తెలియని మొక్క కనబడితే ఒక్క ఫొటో తీయాలి, మేస్త్రికి చెప్పాలి, పీకించాలి. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు ఈ మాట చెప్పేది నేనే. ఒక ఫొటో తీశాను. వెలుతురు సరిగా పడలేదని ఇంకొకటి తీశాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఆరు తీశాను. వాటిని డ్యూటీ ఫొటోలతో కలపకుండా కెమెరాలో నా సొంత అరలో దాచాను. ఓదెలన్నకు రేపు చెబుదాం అనుకున్నాను. ఒక్క రోజులో కొంపలేమీ మునగవు.

విత్తి 36 రోజులు

చెప్పలేదు. తీగ మూరెడయింది. పువ్వులు నాలుగు.

పని మాత్రం మామూలుగానే సాగుతోంది. మస్టర్‌లో పేరు పలకగానే కెమెరా అద్దం తుడుచుకుని బయలుదేరతాను. పంటకు నాలుగు ఫొటోలు, కింద, మధ్య, కొస, మొత్తం. షిఫ్టు దిగేముందు కెమెరాను కలుపు బండి షెడ్డులో తగిలించి వస్తాను. బండికి సొంత కళ్ళు లేవు. ఈ తేమకూ దుమ్ముకూ దాని అద్దాలు వారానికే మసకబారేవట. అందుకని అది నా ఫొటోలతోనే చూస్తుంది. బొగ్గు టబ్బుల పాత పట్టాల మీద తిరుగుతూ పంటకు నీళ్ళ గొట్టం జరుపుతుంది, తాడు కడుతుంది, కలుపు పీకుతుంది.

ఏది పంటో ఏది కలుపో దానికి నేర్పిన పద్ధతి మా పెద్దవాళ్ళది. పైన ఎండకు ఆగలేక ఈ బాయిలోకి దిగినప్పుడు తలా ఒక కొంగు మూటలో నాటు విత్తనాలు తెచ్చుకున్నారు. అవేవీ బండికి తెలియవు. మొదటి నెలలో గోంగూరను కూడా కలుపనుకుని పీకి పారేసిందట. అప్పుడు లెక్క పెట్టారు. నూరు ఫొటోల లోపు మేస్త్రి చెబితే పీకుతుంది, నూరు దాటితే అది పంట. నూరు నిండిన రోజు ఆ మడి దగ్గర బెల్లం పంచుతారు. కోత అయిపోయాక ఫొటోలు ఆపేస్తాం. ముప్పై రోజులు కొత్త ఫొటో రాకపోతే బండి ఆ మొక్కల్ని పీకి మడి ఖాళీ చేస్తుంది. ఇన్నేళ్ళలో ఈ లెక్క తప్పింది లేదు.

ఇవాళ పొద్దున చిక్కుడు దగ్గర కనకవ్వ కనబడింది. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్ళకూ పొరలు. ఆకును వేళ్ళతో తడిమి పురుగు ఉందో లేదో చెప్పేస్తుంది. ఈ ఎర్రంచు చిక్కుడు ఆమె పంట. పదో నంబరు బాయికి పోయే సొరంగం కూలకముందు అక్కడి నుంచి తెచ్చుకుంది. మూడేళ్ళు విత్తితే మూడేళ్ళూ ఆకులే, ఒక్క పువ్వు లేదు. ఈసారి మిగిలిన నలభై గింజలూ వేసేసింది. ఇవి పూసి కాస్తేనే మళ్ళీ విత్తనం. కాయకపోతే ఈ బాయిలో చిక్కుడు ఇక లేనట్టే, దాన్ని తెచ్చుకోవడానికి దారి కూడా లేదు.

రోజూ దీపాలు ఆర్పడానికి రెండు గంటల ముందే ఆమె వచ్చి పందిరి మీద గోనెపట్టాలు కప్పిపోతుంది.

"పైన సలికాలం వొచ్చి పొద్దు చిన్నగైనంకనే చిక్కుడు పూసేది బిడ్డా. ఈడ దీపాలకు సలికాలం ఏం ఎరుక? నేనే చెప్పాలె" అంది.

నవ్వాను. నా వెనకే, ఆమెకు రెండు గజాల దూరంలో, ఆ నీలి పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. ఆమెకు కనబడవు.

విత్తి 46 రోజులు

తీగ పందిరెక్కింది. పొద్దున లెక్కపెట్టాను, అరవై మూడు పువ్వులు. గ్యాలరీ ఈ చివరికి పొద్దున పూట కనకవ్వా నేనూ తప్ప ఎవరూ రారు, సాయంత్రానికి పువ్వులు ముడుచుకుంటాయి. వాటిని చూస్తూ అన్నం కూడా మరిచిపోయాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

చిక్కుడును తీస్తే ఫొటోలో ఇదీ పడుతుంది. ఓదెలన్న వారానికోసారి డ్యూటీ ఫొటోలు తిరగేస్తాడు. చూస్తే ఈ తీగ ఆ పూటే పోతుంది. అందుకని ఇవాళ ఒక పని చేశాను. నిన్న తీసిన చిక్కుడు ఫొటోలు నాలుగూ మళ్ళీ ఇవాల్టి తేదీతో పెట్టేశాను. నిన్నటికీ ఇవాల్టికీ చిక్కుడు ఏమంత మారుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

తీగవి మాత్రం ముప్పై తీశాను.

విత్తి 55 రోజులు

అవే నాలుగు ఫొటోలు తొమ్మిది రోజులుగా పెడుతున్నాను. ఓదెలన్న తిరగేశాడు. "నీ చేతి ఫొటోలు సూడనక్కర్లేదు చెల్లె" అని సంతకం పెట్టి ఇచ్చాడు. అది మెచ్చుకోలు. నాకు చెంప మీద కొట్టినట్టుంది.

తీగ వేరు దగ్గర నేల బాగా తడిగా ఉంది. నీళ్ళ గొట్టం ఒకటి అటు జరిగి ఉంది. ఎవరి కాలైనా తగిలి జరిగిందేమో అనుకున్నాను. గోడ నుంచి పందిరికి కొత్త తాడు కూడా ఒకటి ఉంది. దాని మీద పువ్వులు వరసగా వేలాడుతుంటే ఎంత బాగుందంటే, ఆ తాడు ఎవరు కట్టారని కూడా ఆలోచించలేదు. తప్పంతా అక్కడే ఉంది. నాకు బాగున్న ఏ సంగతికీ కారణం అడగలేదు.

విత్తి 63 రోజులు

ఇవాళ చేసింది అన్నిటికంటే నీచమైన పని.

కనకవ్వ గోనెపట్టా కప్పుతూ ఆగిపోయింది. చేతిలో ఒక తీగ కొస. వేళ్ళతో అటూ ఇటూ తడిమింది.

"స్వరూపా, గీ ఆకేందే? మూడాకులు లేవు. నున్నగ, వేరే తీరుగ ఉన్నది."

ఆమె చేతిలో ఉన్నది నీలి తీగ. చిక్కుడుకు మూడాకులుంటాయని బాయిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"కొత్త చిగురవ్వా. లేతగ ఉన్నప్పుడు గట్లనే ఉంటది" అన్నాను.

"గట్లనా" అంది. వదిలేసింది. నా కళ్ళ మీద ఆమెకు అంత నమ్మకం. పైన ఉన్నన్నాళ్ళూ చిక్కుడు పండించిన మనిషి, తన వేళ్ళు చెప్పింది పక్కన పెట్టి నా మాట పట్టుకుంది. ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాను. అద్దంలో చూసుకోలేదు.

విత్తి 68 రోజులు

"మొగ్గ తగుల్తున్నది బిడ్డా!" అని కనకవ్వ ఇవాళ గ్యాలరీ అంతా వినబడేలా అరిచింది. పక్క మడుల వాళ్ళు వచ్చి చూశారు. గోడవైపు కొమ్మల్లో, ఆమె చెయ్యి దూరే సందులో, నిజంగానే మొగ్గలు. గోనెపట్టాల చలికాలాన్ని చిక్కుడు నమ్మింది. రెండు మూడు రోజుల్లో పూస్తుందట. ఆమె ఏడ్చింది. ఆ ఆనందంలో పందిరి మీద పరుచుకున్న తీగను ఎవరూ పట్టించుకోలేదు. పొద్దుగూకే వేళ కదా, దాని పువ్వులు ముడుచుకుని ఉన్నాయి.

రేపు తీగను నేనే పీకేస్తాను. ఎవరికీ తెలియకుండా.

విత్తి 70 రోజులు

పీకలేకపోయాను. నిన్న పట్టుకుని లాగితే కణుపు కణుపుకూ వేరు దిగి ఉంది. చిక్కుడు కాడలకు ఎంత బిగువుగా చుట్టుకుందంటే, దీన్ని లాగితే చిక్కుడు కూడా తెగుతుంది. ఒక మొగ్గల కొమ్మ విరిగే వరకూ లాగి, భయపడి వదిలేశాను.

ఇవాళ ఓదెలన్న చూశాడు. పొద్దున్నే గ్యాలరీ పంపు చూడ్డానికి వచ్చి, పందిరంతా నీలంగా ఉంటే నోరు తెరిచి నిలబడ్డాడు. అరగంటలో పది మంది పోగయ్యారు. ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు? పోయిన నెల పైనుంచి గాలి దిగే గాలిబాయి దగ్గరికి మట్టి కోసం పోయింది కనకవ్వ ఒక్కతే. ఆమె కొంగుకో చెప్పులకో అంటుకుని వచ్చిందన్నారు. ఆమె కాదని గట్టిగా అనలేకపోయింది. తనకు కనబడదు కదా, అంటుకుందేమో అని ఆమెకే అనుమానం.

"స్వరూపా, నీ ఫొటోలల్ల ఏం కనబడలేదా?" అని అడిగాడు ఓదెలన్న.

అందరూ నా వైపు చూశారు. కనకవ్వ కూడా, నేను ఉన్నాననుకున్న వైపు తిరిగింది.

"లేదన్నా" అన్నాను.

"కండ్లు కనబడని మనిషికి విత్తనం మడి ఇచ్చుడు మనదే తప్పు" అన్నాడు ఓదెలన్న. కనకవ్వను వంటశాలలో బియ్యం చెరగడానికి పంపారు. తీగ సంగతి బండి చూసుకుంటుందట. మనుషులు లాగితే చిక్కుడు తెగుతుంది, బండి అయితే ఒక్కో కాడనూ విడదీసి పీకుతుంది. అందరూ సరేనన్నారు. బండిని అనుమానించే అలవాటు మాకు లేదు.

పోతూ పోతూ కనకవ్వ నా చెయ్యి పట్టుకుని, "రోజూ పట్టాలు కప్పు బిడ్డా" అంది. కప్పాను. అదొక్కటే చేశాను.

విత్తి 73 రోజులు

మూడు రోజులైనా బండి తీగను ముట్టుకోలేదు. పని ఎక్కువుందేమో అంటున్నాడు ఓదెలన్న. బండి పనికి అడ్డమని ఇంకెవరూ పందిరి దగ్గరికి రావడం లేదు.

చిక్కుడు ఫొటోలు పాతవే పెడుతున్నాను. ఇప్పుడు తీగ దాచాల్సిన రహస్యం కాదు, కొత్తవి తీయొచ్చు. కానీ ఇవాళ నిజం ఫొటో పెడితే మొన్నటి దాకా పెట్టినవి అబద్ధమని తేలిపోతుంది. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి రోజుకు నాలుగు అబద్ధాలు. పందిరి దగ్గరికి పోవడం మానేశాను. షిఫ్టు చివర తల వంచుకుని పోయి, చేతికి తగిలిన చోట పట్టాలు కప్పి, వెనక్కి చూడకుండా వస్తున్నాను. ఇంతకాలం చూడకుండా ఉండలేకపోయిన పందిరి, ఇప్పుడు చూడలేని పందిరి అయింది.

వంటశాలలో కనకవ్వ కనబడింది. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పలకరిస్తుందేమోనని పక్క దారిన పోయాను.

విత్తి 76 రోజులు

చిక్కుడు లేదు.

పొద్దున మస్టర్ కాకముందే కేకలు వినబడ్డాయి. పరుగెత్తాను. నలభై మొక్కలూ లేవు. బండి ఎంత శుభ్రంగా పని చేసిందంటే, నీలి తీగ కాడ ఒక్కటి తెగలేదు. చిక్కుడును ఒక్కో కాడగా విడదీసి, వేళ్ళతో సహా తీసి, ఎరువు మిల్లులో వేసేసింది. ఖాళీ అయిన చోట తీగ కొసల్ని తెచ్చి కొత్త తాళ్ళకు కట్టింది. నీళ్ళ గొట్టాలు రెండూ దాని మొదట్లో పెట్టింది. పందిరి మొత్తం పూసి ఉంది. అంత అందంగా అది ఇదివరకెన్నడూ లేదు.

ఓదెలన్న నన్ను షెడ్డులోకి తీసుకుపోయి బండి లిస్టు తెరిచాడు. ఇరవై అయిదో పంట, పేరు లేదు, ఫొటోలు 412. చిక్కుడు ఎదురుగా, కొత్త ఫొటోలు లేక ముప్పై రోజులు. ఒకే ఫొటో ఎన్నిసార్లు పెట్టినా బండి దాన్ని కొత్తది అనుకోదు. చిక్కుడు కోత అయిపోయిందనుకుంది. మడి ఖాళీ చేసింది.

"నా సొంత అరలో పెట్టినన్నా" అన్నాను.

"అరలు మనకు. బండికి అరలేంది?" అన్నాడు. షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత మెల్లగా, "నేను గూడ సరిగ సూడకనే సంతకం పెట్టిన. నీది నాది ఇద్దరి పనీ పోతది. లిస్టు నేను సరిజేస్త. తీగ బండికే అర్థంకాలేదని చెప్దాం. కనకవ్వ ఎట్లాగూ ముసల్ది, ఈ యేడు కాకుంటే వొచ్చే యేడు మడి పని ఇడిసేదే" అన్నాడు.

తల ఊపాను. అవును, ఊపాను. అదీ రాస్తున్నాను.

విత్తి 77 రోజులు

మస్టర్‌లో నా పేరు పిలిచారు. 'హాజరు' అనాలి. నోటికి రాలేదు. ఓదెలన్న రెండోసారి పిలిచాడు.

"తీగ కనకవ్వ తేలేదు" అన్నాను. "నలభై ఆరు రోజుల కింద నేను సూసిన. బాగుందని ఎవరికీ చెప్పకుండ దాచిన. నాలుగు వందల పన్నెండు ఫొటోలు తీసిన. చిక్కుడుకు పాత ఫొటోలు పెట్టిన. అవ్వ చేతికి తీగ దొరికితే చిగురని చెప్పిన. చిక్కుడును పీకిచ్చింది నేనే."

అనుకున్నంత గొడవ కాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. నూట అరవై మంది, ఎవరూ తిట్టలేదు. ఓదెలన్న "సంతకం నాది" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాట కోసం ఆయన్ని గౌరవిస్తాను. కెమెరా నా మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. వెనక వరసలో చేటతో సహా నిలబడిన కనకవ్వ వంటశాలకు పోయింది.

విత్తి 82 రోజులు

చిక్కుడు లేకపోయినా రోజులు ఇలాగే లెక్కపెడుతున్నాను. వేరే లెక్క తెలియదు.

తీగను చేత్తో పీకుతున్నాను. ఇది నాకు వేసిన పని కాదు, నేను అడిగి తీసుకున్నది. కణుపు కణుపుకూ వేరు. మధ్యాహ్నానికి గోళ్ళ సందుల్లో రక్తం. పువ్వులు మాత్రం రోజూ పొద్దున్నే విచ్చుకుంటున్నాయి, నేను చేసిన పనితో వాటికి సంబంధం లేనట్టు. నిజానికి లేదు కూడా. అది తీగ, మొలిచింది, పాకింది. దాన్ని పంట చేసింది నేను.

నిన్న ఎరువు మిల్లు దగ్గర ఓదెలన్న నలగకుండా మిగిలిన కాడలు నాలుగు ఏరి తెచ్చాడు. వాటికి గోరంత కాయలున్నాయి, లోపల గింజ కట్టలేదు. ఎండిన పూరేకులు గోధుమ రంగుకు తిరిగి కాడకు అంటుకుని ఉన్నాయి. అంటే చిక్కుడు పూసింది. ఈ బాయిలో మొదటిసారి పూసింది, పిందె కూడా వేసింది. గోనెపట్టాల లెక్క సరైనదే. విత్తనం ఉంటే వచ్చే ఏడు బాయి మొత్తానికి చిక్కుడు ఉండేది.

విత్తి 83 రోజులు

కనకవ్వ మడికి తిరిగి వచ్చింది. మడి ఆమెకే ఇచ్చారు, విత్తడానికి మాత్రం ఏమీ లేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. నేను తీగ లాగుతూనే ఉన్నాను. ఆపితే మాట్లాడాల్సి వస్తుంది.

ఓదెలన్న ఇచ్చిన కాడలు ఆమె ఒళ్ళో ఉన్నాయి. పిందెలను ఒక్కొక్కటిగా వేళ్ళతో తడుముతోంది. తర్వాత పిలిచింది.

"స్వరూపా."

దగ్గరికి పోయి కూర్చున్నాను. క్షమించమని అడగాలని మాటలు కూర్చుకున్నాను. ఆమెకు కావలసింది అవి కాదు.

"పదో నంబరు బాయోళ్ళు గింజలిచ్చినప్పుడు పువ్వు సంగతి అడుగుడు మర్సిన. కొన్ని తెల్లగ పూస్తయి, కొన్ని వంకాయ రంగు. ఎండిపోయినంక తెలుస్తలేదు. నాకు ఎట్లాగూ కనబడదు." ఒక కాడ నా చేతికిచ్చింది. "ఏ రంగు పూసిందే?"

కాడ పట్టుకుని కూర్చున్నాను. తెలుపు అంటే నమ్మేది. వంకాయ రంగు అన్నా నమ్మేది. ఏది చెప్పినా ఆమెకు ఇన్నేళ్ళకు ఒక పువ్వు దొరికేది, నన్ను కాదనడానికి ఈ బాయిలో ఒక్క ఫొటో కూడా లేదు. నాలుక చివరి దాకా వచ్చింది.

"సూడలేదవ్వా" అన్నాను.

ఆమె తల ఊపింది. నా చేతిలోంచి కాడ వెనక్కి తీసుకుని, మిగతా వాటితో కలిపి ఒళ్ళో సర్దుకుంది.

"నన్ను పంపినంక ఆరు దినాలు పూసింది గదనే" అంది.